సింగారి మోసిన నొప్పి

ఏనుగుల వనం గేటు దగ్గర కూర్చున్న అమ్మాయి మా అమ్మను అడిగిన మొదటి ప్రశ్న, ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉందా అని. మా అమ్మను అలాంటి ప్రశ్న అడిగి ప్రయోజనం లేదని ఆ అమ్మాయికి పాపం తెలియదు.

"నాకేటి నొప్పులమ్మా? గుండ్రాయిలాగున్నాను" అంది అమ్మ, వీపు మీది సంచీ దించకుండానే.

ఆ సంచీ గురించి కొంచెం చెప్పాలి. విజయనగరంలో కొన్న ఎర్రటి ట్రెక్కింగ్ బ్యాగు అది. అమ్మ దాన్ని మూపురం అంటుంది. అందులో చీరలు ఆరేసుకునే తాడు, మడత పీట, స్టీలు గ్లాసులు, ముసలి ఏనుగు సింగారి కోసం పట్టుబట్టి తెచ్చిన అనకాపల్లి బెల్లం దిమ్మలు ఉన్నాయి. బస్సు దింపేసిన చోటి నుంచి అడవి అంచు దాకా ఆ బరువుతో ఎక్కుతూ వచ్చింది. నేను మోస్తానంటే కసిరింది. మధ్యలో రెండుమూడు సార్లు ఆగి, చెట్లు ఎంత బాగున్నాయో చూడమంది. చెట్ల మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని నవ్వుకున్నాను తప్ప, ఎందుకు ఆగుతోందో ఆలోచించలేదు.

గేటు అమ్మాయి వదల్లేదు. పంటి నొప్పి, తలనొప్పి, నడుం నొప్పి, ఎంత చిన్నదైనా చెప్పాలండీ, ఇక్కడి నియమం అని మళ్ళీ అడిగింది. అమ్మ కూడా మళ్ళీ లేదనే చెప్పింది. నేను రక్తనిధిలో పనిచేస్తాను. రోజంతా జనం చేతుల్లో సూదులు గుచ్చుతూ, చీమ కుట్టినట్టుంటుందంతే అని అబద్ధం చెబుతూ బతికేదాన్ని. ఎవరు నొప్పిని దాస్తున్నారో మొహం చూసి చెప్పగలనని నాకో గర్వం. ఆ గర్వం ఇంట్లోవాళ్ళ దగ్గర పనిచేయదని ఆ మర్నాడు తెలిసింది.

నిజానికి ఈ ప్రయాణం నేనొక్కదాన్నే చెయ్యాలనుకున్నాను. సెలవు పెట్టి, సంచీ తగిలించుకుని, బస్సు దొరికితే బస్సు, లేకపోతే నడక. బెలుం గుహలు, గండికోట, లేపాక్షి, హార్స్‌లీ కొండలు అని దారి కూడా గీసుకున్నాను. బయల్దేరే ముందు వారం టీవీలో ఒక వార్త వచ్చింది. కుప్పం అడవి అంచున ఏనుగుల విరామవనం అనే చోట ఒక ముసలి ఏనుగు కాలి పుండుతో బాధపడుతోందట. ఒకప్పుడు నొప్పి మార్పిడి ప్రయోగాలకు వాడిన ఏనుగట. చిన్నతనంలో ఆ ప్రయోగాల్లో దానికి జతగా ఉన్న పిల్లలు ఎక్కడున్నా ఒకసారి రావాలని ఆ వనంవాళ్ళు వేడుకుంటున్నారు.

అమ్మ పొయ్యి ఆర్పేసి వచ్చి టీవీ ముందు నిలబడింది. "అది మన సింగారే" అంది.

మనకు సింగారి అనే ఏనుగు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

నాకు తెలిసినదల్లా ఇంతే. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ మిఠాయిలు చేసే పాకలో పనిచేసేది. నేను బంతి వెంట పరిగెత్తి, బెల్లం పాకం కాగుతున్న మూకుడు మీద పడ్డాను. ఎడమ పక్క తుంటి నుంచి మడమ దాకా కాలిపోయింది. ఆసుపత్రిలో చాలాకాలం ఉన్నాను. రోజూ కట్టు మార్చే గది గోడల మీద చేపల బొమ్మలు ఉండేవి. మెడ వెనక ఒక గుడ్డ పట్టీ కట్టేవాళ్ళు. చేతిలో బిస్కెట్టు పెట్టేవాళ్ళు. నర్సులు చర్మానికి అతుక్కున్న గుడ్డను ఊడదీస్తుంటే నా కాలి మీద వాన చినుకులు పడుతున్నట్టుండేది. నేను చేపలకు పేర్లు పెట్టుకుంటూ బిస్కెట్టు తినేదాన్ని. బడికి వెళ్ళాక, కాలితే ఏమీ నొప్పి పుట్టదని పిల్లలందరికీ గొప్పగా చెప్పాను కూడా. మంచి మందు వేశారనుకున్నాను. ఆ నొప్పి ఎక్కడికి పోయిందని ఎప్పుడూ అడగలేదు.

అమ్మ ఆ సాయంత్రం చెప్పింది. ఆ గది గోడకు అవతల పెరడులో సింగారి ఉండేదట. దాని చెవి వెనక కూడా ఒక పట్టీ ఉండేదట. నా కట్టు ఊడదీసినప్పుడల్లా నొప్పి నా మెదడును వదిలి దాని మెదడులోకి పోయేది. పరిశోధన చేసే డాక్టరమ్మ అమ్మకు ధైర్యం చెప్పింది. ఏనుగు అంతటి జంతువుకు చిన్నపిల్ల నొప్పి ఎంతమ్మా, ముల్లు గుచ్చుకున్నంత కూడా ఉండదు అంది. అమ్మ నమ్మింది. ఒకరోజు వెనక కిటికీ తెరిచి చూసింది. సింగారి నుదురు గోడకు ఆనించి, తొండం కొస నోట్లో పెట్టుకుని కొరుక్కుంటూ నిలబడి ఉంది. ఇవతల గదిలోంచి నా పాట వినిపిస్తోంది.

"నాను కిటికీ మూసీసినాను" అంది అమ్మ.

తరవాత కొన్నేళ్ళకు ఆ డాక్టరమ్మే తన లెక్క తప్పని తేల్చింది. నొప్పి ఒంటి బరువును బట్టి పలచబడదు. పిల్ల దగ్గర ఎంత బయల్దేరిందో ఏనుగుకు అంతా చేరింది. ప్రభుత్వం ప్రయోగాలు ఆపించింది, పరిశోధనశాల మూతపడింది, ఏనుగులను ఈ వనానికి తెచ్చి వదిలారు. ఇదంతా విన్నాక నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీద కోపపడాలో తెలియక రెండు పూటలు అన్నం మానేశాను. మూడో పూట ఆకలేసి తింటుంటే ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో కోపం తక్కువ. నాకోసం ఒకరు అంత మోశారని, వాళ్ళకు నేను కనీసం ఒక దండం కూడా పెట్టలేదని. మర్నాడు చూస్తే అమ్మ ఎర్ర సంచీ కొనుక్కుని వచ్చేసింది.

విరామవనంలో మమ్మల్ని తిప్పి చూపించినవాడు మునిరత్నం. సింగారి మావటి. యాభై దాటినవాడు, తలకు తువ్వాలు, కాళ్ళకు గమ్‌బూట్లు. ఇక్కడ ఏనుగు ఎక్కడం లేదు, దానికి స్నానం చేయించడం లేదు, పక్కన నిలబడి ఫోటో తీసుకోవడం లేదు అని ముందే చెప్పాడు. కందకానికి ఇవతల రెల్లుగడ్డి పందిరి కింద కూర్చోవాలి. ఏనుగుకు ఇష్టమైతే దగ్గరికి వస్తుంది, లేకపోతే లేదు. మాతోపాటు వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు కాసేపు చూసి, ఏమీ జరగడం లేదే అన్నారు. అవునయ్యా, ఏమీ జరక్కుండా ఉండడానికే వీటిని ఇక్కడికి తెచ్చింది అన్నాడు మునిరత్నం, నవ్వుతూనే.

అమ్మ బెల్లం దిమ్మలు బయటికి తీసింది. మునిరత్నం తల అడ్డంగా ఊపాడు.

"బెల్లం వంటింట్లో ఇయ్యండమ్మా, రాగిముద్దలో కలిపి పెడతాం. మీరు చేత్తో పెడితే మనిసి కనపడినప్పుడంతా అది తొండం చాపతాది. జీవితమంతా అట్ల చాపే బతికినాయి ఇవి. ఈడైనా అడుక్కోకుండా తిననీండి."

అమ్మ వెంటనే బెల్లం వంటింట్లో ఇచ్చి వచ్చింది. అమ్మ ఒకరి మాట అంత తేలిగ్గా వినడం నేను చూడలేదు.

సింగారి మిగతా ఏనుగులకు దూరంగా, పడిపోయిన ఒక చింతమానుకు ఆనుకుని నిలబడి ఉంది. చెవుల అంచులు చిరిగిపోయి, కణతలు లోపలికి పోయి, ముసలితనం బాగా కనిపిస్తోంది. ఎడమ ముందరి కాలు నేలకు పూర్తిగా ఆనించడం లేదు. గాలి ఇటు తిరిగినప్పుడు చీము వాసన వచ్చింది. సినిమాల్లోలాగా నన్ను గుర్తుపట్టి తొండం ఎత్తుతుందని నాకు ఎక్కడో ఆశ ఉండేది. అది నావైపు ఒకసారి చూసి, తోక పైకెత్తి, తాపీగా లద్దె వేసింది. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నేను గుర్తుండాల్సినంత మేలు దానికి ఏం చేశాను గనక.

మూడేళ్ళుగా సింగారి నేలకు నడుం వాల్చలేదని మునిరత్నం చెప్పాడు. పడుకుంటే మళ్ళీ లేవడానికి ఆ కాలి మీద బరువు పెట్టాలి. ఆ నొప్పికి భయపడి మానుకు ఒరిగి, నిలబడే కునుకు తీస్తుంది. దానికోసం మెత్తటి ఇసుక గుట్ట పోశాడు. అది గుట్ట దాకా వెళ్ళి, చుట్టూ తిరిగి, వెనక్కి వచ్చేస్తుందట.

సంగతి మొత్తం మాకు వివరించింది డాక్టర్ ఇందుమతి. ఒకప్పుడు అమ్మకు ధైర్యం చెప్పిన డాక్టరమ్మ ఆవిడే. అమ్మ చూడగానే గుర్తుపట్టింది. ఆవిడ బాగా చిక్కిపోయింది. కుడిచేతికి దళసరి ఉన్ని తొడుగు వేసుకుని, ఆ చేతిని ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకుని కూర్చుంది. మంచినీళ్ళు ఎడమచేత్తో పోసి ఇచ్చింది.

సింగారి గోటి కింద చీముగడ్డ ఉంది. కోసి శుభ్రం చెయ్యాలి. లేకపోతే ఈ వానలకు ఎముకలోకి దిగుతుంది, ఆ తరవాత ఎవరూ ఏమీ చెయ్యలేరు. మత్తు ఇచ్చి పడుకోబెడితే ఆ వయసులో గుండె తట్టుకోదు. చీము పట్టిన చోట తిమ్మిరి మందు ఎక్కదు. పశువైద్యుడు కత్తి ఆనించగానే సింగారి కాలు లాగేసుకుంటుంది. నిలబడి ఉండగానే దాని నొప్పిని ఎవరైనా మోస్తే తప్ప పని జరగదు.

"ఎవరు పడితే వాళ్ళు మోయలేరు. చిన్న చురుకైతే ఎవరి మధ్యనైనా పోతుంది. ఇంత నొప్పి పోవాలంటే పాత దారి ఉండాలి. నీకు ఆరేళ్ళప్పుడు పడిన దారి ఇంకా ఉంటుంది" అంది నాతో. పిలుపు అందుకుని వచ్చింది నేను కాక ఇంకొకతనే. అతను కాసేపటికే స్పృహ తప్పి పడిపోయాడట. మిగిలినవాళ్ళు రామన్నారు. వాళ్ళను తప్పుపట్టను.

నాకూ తనకూ మెడ వెనక పట్టీలు కట్టి, ఆవిడ సూదితో తన ఎడమచేతి వేలు గుచ్చుకుంది. నాకేమీ తెలియలేదు. ఇప్పుడు చూడు అని, పళ్ళు బిగించి, భుజాలు బిగబట్టి మళ్ళీ గుచ్చుకుంది. ఈసారి చురుక్కుమన్నది నా వేలు. ఆవిడ వేలి మీద రక్తం, నా వేలిలో మంట. బిగబట్టినవాళ్ళ దగ్గర నుంచి వదులుగా ఉన్నవాళ్ళకు నొప్పి పోతుందని అంది. మోయాలంటే ఒళ్ళు వదిలెయ్యాలి, వచ్చేదాన్ని రానివ్వాలి. ఆ రోజుల్లో ఏనుగులకు నేర్పింది అదే. పట్టీ తగలగానే చెవులు వాల్చి ఒళ్ళు వదులు చెయ్యడం. చేస్తే చెరుకుముక్క. సింగారి ఆ అలవాటు ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే ఒంట్లో నొప్పి ఉన్నవాళ్ళకు దానితో పట్టీ కట్టరు, గేటు దగ్గరే అడిగేది అందుకే. ఎవరైనా బిగబట్టుకుని పట్టీ కట్టుకుంటే వాళ్ళ నొప్పి కూడా లాగేసుకుంటుంది.

ఇంకో సంగతి కూడా దాచలేదు. గంట లోపల పట్టీ విప్పేస్తే మోసినవాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. గంట దాటితే కొంత మిగులు ఉండిపోతుంది, బతికినన్నాళ్ళూ. ఆవిడ తొడుగు తీసి కుడిచెయ్యి చూపించింది. చెయ్యి మామూలుగానే ఉంది. ఒక గాయం లేదు, వాపు లేదు. గాలి తగిలితేనే ఆవిడ మొహం ముడుచుకుపోయింది. తన లెక్క తప్పని తెలిశాక, ఏనుగుల పాత నొప్పులు తాను మోస్తానని రోజుల తరబడి పట్టీ విప్పకుండా కూర్చుందట. ఇంట్లోవాళ్ళు వచ్చి బతిమాలినా వెళ్ళలేదట. ఇప్పుడు ఆవిడ ఒళ్ళంతా మిగులే గనక సింగారికి ఆవిడ పనికిరాదు.

"ఏనుగు ముందరి కాలి నొప్పి మనకు చేతిలోకి వస్తుంది. నీ ఎడమచెయ్యి. ఆలోచించుకో" అంది.

అమ్మ మధ్యలో అందుకుంది. పిల్లకు పట్టీ కట్టేముందు తల్లికి కట్టి చూసేవారు కదా, మరి నాకూ దారి ఉంటుంది కదా అని అడిగింది. డాక్టరమ్మ సన్నటిదైనా ఉంటుందని ఒప్పుకుంది. ఇద్దరైతే సగం సగం పంచుకోవచ్చు అంది. తరవాత అమ్మ కళ్ళలోకి చూసి, మీకు ఎక్కడా నొప్పి లేదు కదా అని అడిగింది. లేదమ్మా అంది అమ్మ.

అమ్మ అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఇప్పుడు నాకు అర్థమవుతుంది. పని ఆగిపోతేనే అమ్మ దృష్టిలో నొప్పి. పని చేసుకుంటూ భరించేదాన్ని అమ్మ నొప్పుల్లో జమ వేయదు. పైగా ఉందంటే తనను పక్కన కూర్చోబెట్టి నాచేత మొత్తం మోయిస్తారని భయం.

మర్నాడు పొద్దున్న ఎండ రాకముందే మొదలుపెట్టారు. లావుపాటి ఇనుప కమ్మీల అవతల సింగారి, ఇవతల మేము. కమ్మీల కింది సందులోంచి సింగారి తన ఎడమ కాలు చాపి చెక్కదిమ్మ మీద పెట్టింది. మునిరత్నం పెట్టమన్నందుకు పెట్టింది. గొలుసు లేదు, అంకుశం లేదు. ఇష్టం లేకపోతే వెనక్కి తీసుకుని వెళ్ళిపోవచ్చు. పశువైద్యుడు దిమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వంపు కత్తి చేతిలోకి తీసుకున్నాడు. మునిరత్నం దాని చెవి వెనక పట్టీ కట్టి, మెడ మీద చెయ్యి వేసి ఏదో గొణుగుతున్నాడు. అమ్మా నేనూ బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. డాక్టరమ్మ నాకు ముందు కట్టింది, తరవాత అమ్మకు.

నేను ఊపిరి వదిలి, భుజాలు జారవిడిచాను. జనానికి నేను రోజూ చెప్పే మాటే నాకు నేను చెప్పుకున్నాను, చెయ్యి వదులుగా పెట్టండి అని.

అప్పుడు వచ్చింది. చీమ కాదు, తేలు కాదు. ఎడమ అరచేతిలో మేకు దిగ్గొట్టి తిప్పుతున్నట్టుంది. చెయ్యి చూసుకుంటే ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. కత్తి పడకముందు సింగారి రోజూ మోస్తున్నది ఇది. దీంతో నిలబడి, దీంతో నడిచి, దీంతో మూడేళ్ళు నిద్ర లేకుండా గడిపింది. పశువైద్యుడు కోత మొదలుపెట్టాడు. నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. బిగబట్టకూడదు, బిగబడితే దానికే తిరిగి పోతుంది. ఏడుస్తూనే ఒళ్ళు వదిలి కూర్చున్నాను. అమ్మ సగం మోస్తుందన్నారు కదా, మరి సగమే ఇంత ఉంటే మొత్తం ఎంత ఉంటుందని అనుకోవడం గుర్తుంది.

ఉన్నట్టుండి సింగారి వెనక కుడికాలు పైకి లేచింది. దించింది, మళ్ళీ ఎత్తింది. పెద్ద శరీరం ముందుకు ఒరిగి, బరువంతా దిమ్మ మీది కాలి మీదికి వస్తోంది. ఆ కాలి కింద పశువైద్యుడి చేతులున్నాయి.

"సారూ, చేతులు తీసుకోండి" అన్నాడు మునిరత్నం. "వెనక కాల్లో ఏందో వచ్చింది దీనికి. నిన్నటి దాకా లేదే ఇది."

డాక్టరమ్మ నావైపు తిరిగింది. నీ కాలిలో ఏమైనా ఉందా అని అడిగింది. నాకు చేతిలో తప్ప ఎక్కడా లేదని చెప్పాను. చెబుతూ పక్కకు చూశాను. అమ్మ మొహం ప్రశాంతంగా ఉంది. ఆశ్చర్యంగా తన కుడికాలు వైపు చూసుకుంటోంది. ఆ కాలు బల్ల మీంచి నిటారుగా చాచి ఉంది. అమ్మ మోకాలు అంత తిన్నగా చాపడం నేను ఈ పదేళ్ళలో చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది.

"అమ్మా, నీ మోకాలు" అన్నాను.

అమ్మ నన్ను చూసింది, సింగారి వెనక కాలు చూసింది.

"ఓలమ్మ. మల్లీ దానికే పెట్టీసినానేటి" అంది.

డాక్టరమ్మ అమ్మ పట్టీ విప్పడానికి చెయ్యి చాపింది. విప్పితే అమ్మ మోకాలి నొప్పి సింగారిని వదిలేస్తుంది. కానీ కోత సగంలో ఉంది, నేను మోయగలిగే ఆఖరి అంచున ఉన్నాను. నా వల్ల కాదని నా నోటితో చెప్పలేకపోయినా అమ్మకు తెలిసిపోయింది. అమ్మ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. లేచి, కమ్మీల దగ్గరికి నాలుగడుగులు వేసి, సింగారి కన్ను కనిపించేచోట నిలబడింది.

"నా మోకాలు నొప్పేనే తల్లీ. పదేళ్ళ బట్టి నొప్పే. మెట్టెక్కితే నొప్పి, దిగితే నొప్పి, పీట మీద కూకుంటే లెగలేను. ఎవలికీ సెప్పలేదు. నడుం కూడా నొప్పే. పిల్ల కాలినాటి నుంచి గుండెల్లో ఒకటుంది, అదీ నొప్పే. నీకొద్దు, నాది నాకిచ్చీ. నీదీ ఇచ్చీ."

అని గట్టిగా, చిన్నపిల్లలాగా ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అమ్మ అలా ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. భుజాలు జారిపోయాయి, చేతులు పక్కలకు వేలాడిపోయాయి, కుడి మోకాలు మళ్ళీ వంగింది. కమ్మీలు పట్టుకుని అబ్బా అంది.

సింగారి వెనక కాలు నేల మీదికి దిగింది. ఒంటి బరువు వెనక్కి సర్దుకుంది. దిమ్మ మీది కాలు కదలకుండా నిలిచింది. అప్పుడు నా అరచేతిలో మేకు సగం బయటికి వచ్చేసినట్టయింది. చూస్తే అమ్మ తన ఎడమ అరచేతిని చూసుకుంటోంది. ఇంతసేపూ అమ్మ ఏమీ మోయడం లేదు, మోస్తున్నది నేనొక్కదాన్నే. ఇప్పుడు నాది సగం తీసేసుకుంది. ఇరవై ఏళ్ళ క్రితం ఆ చేపల గదిలో అమ్మ కోరుకున్నదీ, దొరకనిదీ అదేననుకుంటాను. అంత నొప్పిలోనూ అమ్మ నావైపు చూసి, వచ్చింది వచ్చింది అని తల ఊపింది.

పశువైద్యుడు మళ్ళీ కత్తి పట్టుకున్నాడు. చీము గిన్నెల్లోకి వచ్చింది. కడిగి, మందు దట్టించి, కట్టు కట్టి, పైన తోలు బూటు తొడిగాడు. అయిపోయిందని చేతులు ఎత్తి చూపించి, అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

సింగారి కాలు వెనక్కి తీసుకుంది. నేల మీద ఆనించి చూసింది. ఎత్తి మళ్ళీ ఆనించింది. తరవాత చింతమాను వైపు వెళ్ళకుండా తిన్నగా ఇసుక గుట్ట దగ్గరికి నడిచింది. చుట్టూ ఒకసారి తిరిగింది. మునిరత్నం ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. వెనక కాళ్ళు మడిచింది, ముందరి కాళ్ళు చాపింది, ఒక పెద్ద నిట్టూర్పుతో పక్కకు ఒరిగిపోయింది. ఇసుక దుమ్ము లేచి సర్దుకుంది. కాసేపటికి చెవులు ఆడడం ఆగింది.

"పండుకొన్యాది" అన్నాడు మునిరత్నం. తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

డాక్టరమ్మ నా మెడ వెనక చెయ్యి వేసింది. గంట కావస్తోంది, విప్పేస్తాను అంది. విప్పితే ఏమవుతుందని అడిగాను. కొత్త కోత కదా, నొప్పి దానికి తిరిగి వెళ్తుంది, లేస్తుంది అంది. మందు పనిచెయ్యడానికి సాయంత్రం దాకా పడుతుందట. ఆ మాట చెబుతూ ఆవిడ కళ్ళు నావైపు లేవు, ఇసుక గుట్ట వైపు ఉన్నాయి.

నేను అమ్మను చూశాను. అమ్మ మడత పీట మీద కాలు చాపుకుని, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"పడుకోనీండమ్మా దాన్ని" అంది.

డాక్టరమ్మ తన ఉన్ని తొడుగు నా మొహానికి ఎదురుగా పట్టుకుంది. ఇది ఆట కాదు, మిగులు ఉండిపోతుంది, నీ వృత్తి చేతులతో చేసేది అని హెచ్చరించింది. తెలుసండీ అన్నాను. నా కాలి మీద చర్మం మెత్తగా మాని, నేను పరిగెత్తి, ఈత నేర్చుకుని, సంచీ వేసుకుని కొండలెక్కి ఇక్కడిదాకా నడిచి వచ్చాను. దానికి ఒక నిద్ర ఇవ్వలేనా. ఈ మాటలన్నీ పైకి చెప్పలేదు. ఉండనివ్వండి అని మాత్రం అన్నాను.

అలా సాయంత్రం దాకా కూర్చున్నాం. అమ్మ గంభీరంగా ఏమీ భరించలేదు. ఓరి నాయనో, ఓలమ్మో, చచ్చిపోతన్నానురా దేవుడో అని పొద్దు పొడుగునా మూలిగింది. ఏనుగు లేస్తుందని మునిరత్నం సైగ చేస్తే కాసేపు గొంతు తగ్గించి, మళ్ళీ మొదలుపెట్టేది. జీవితమంతా దాచుకున్న మూలుగులన్నీ ఆ రోజే ఖర్చు పెట్టేసింది. గ్లాసు పట్టుకునే ఓపిక మాకు లేదని మునిరత్నం రాగి అంబలి చెంచాతో తాగించాడు. ఎండ మా మీదికి వచ్చినప్పుడు డాక్టర్ ఇందుమతి గొడుగు తెచ్చి, ఎడమచేత్తో పట్టుకుని మా వెనక నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఒకసారి వంగి నా తల మీద గడ్డం ఆనించింది. ఆవిడ ఏడుస్తోందని నా జుట్టు తడిసి తెలిసింది.

సింగారి తనంత తాను లేచింది. లేచి, ఇసుక దులుపుకుని, మేత దగ్గరికి వెళ్ళిపోయింది. మాకు పట్టీలు విప్పారు.

మిగులు ఉండిపోయింది. చలిగాలికీ వాన ముసురుకీ నా ఎడమ అరచెయ్యి సలుపుతుంది. అలాంటి రోజున రక్తం తీసేటప్పుడు ఎవరైనా నొప్పి పుడుతుందా అని అడిగితే, పుడుతుంది, కొంచెమే, అయిపోతుంది అని నిజం చెబుతున్నాను. అమ్మకు మోకాలికి వైద్యం చేయిస్తున్నాం. ఇప్పుడు ఏ నొప్పి ఉన్నా ఇంటి కప్పు ఎగిరిపోయేలా చెబుతోంది. పక్కింటివాళ్ళు రెండుసార్లు కంగారుపడి వచ్చారు కూడా.

నిన్న తెల్లవారుతుండగా ముసురు పట్టింది. నేను చెయ్యి నొక్కుకుంటూ వంటింట్లోకి వెళ్ళేసరికి అమ్మ అప్పటికే తన అరచేతిని టీ గ్లాసుకు ఆనించి కాచుకుంటోంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. అప్పుడే మునిరత్నం ఫోన్ వచ్చింది. ఈ మధ్య అతను పొద్దున్నే చేస్తుంటాడు. మాట్లాడడు. ఫోన్ ఇసుక గుట్ట దగ్గర పెట్టి ఊరుకుంటాడు. అమ్మ స్పీకరు పెట్టింది. సింగారి గురక వంటిల్లంతా వినిపించింది. లోపలికి పీల్చి, ఆగి, తాపీగా వదులుతోంది. అమ్మ పొయ్యి మంట తగ్గించి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. టీ చల్లారిపోయేదాకా ఇద్దరం వింటూనే ఉన్నాం.